మన చెడుగుడు, ఐర్లండు వారి హర్లింగ్

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు కదలవు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ 61 రోజులూ వేట నిషేధం. మామూలు రోజుల్లో తెల్లవారకుండానే వేలంపాటల కేకలతోను, గంపలు ఎత్తుకుని ఒకరినొకరు తోసుకుంటూ నడిచే ఆడవాళ్ళతోను హోరెత్తిపోయే ఆ చోటు, ఆ రెండు నెలలూ పెళ్ళివారు వెళ్ళిపోయిన ఇల్లులా వుంటుంది. మగవాళ్ళు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. బడికి సెలవులిచ్చిన కుర్రాళ్ళకు మాత్రం అదే పండుగ. సాయంత్రం ఎండ చల్లబడగానే ఇసుక వున్న చోటల్లా కాలి బొటనవేలితో ఒక గీత గీస్తారు. అటు కొందరు, ఇటు కొందరు. ఒకడు ఊపిరి బిగించి "చెడుగుడు చెడుగుడు" అంటూ గీత దాటుతాడు. ఇసుక కనుక పడ్డా దెబ్బ తగలదు. బంతి కొననక్కరలేదు, బ్యాటు కొననక్కరలేదు. దమ్ము వుంటే చాలు.

ఈ ఆట ఎంత పాతదో చెప్పడం కష్టం. మనం చెడుగుడు అంటాం, తమిళులు సడుగుడు అంటారు, మహారాష్ట్రులకు హుతుతు, బెంగాలీలకు హాడుడు. పేరు మారినా సూత్రం ఒక్కటే. ఒక్క ఊపిరిలో అవతలివాళ్ళ బరిలోకి వెళ్ళి, తాకి, వాళ్ళ చేతికి చిక్కకుండా తిరిగి రావాలి. ఊపిరి తెగిందా, ఆట పోయినట్టే. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఈ మాటలు వింటున్న అక్కయ్యలకు, చెల్లెళ్ళకు "ఆటల గొడవ మనకెందుకమ్మా" అనిపించవచ్చు. కాస్త ఓపిక పట్టండి. ఇది ఆటల గొడవ మాత్రమే కాదు. ఒక జాతి తన ఆటను తాను నిలబెట్టుకోవడం ఎలా జరుగుతుంది, ఆ నిలబెట్టుకోవడంలో ఆడవాళ్ళ వంతు ఎంత అన్నది దీనిలో వుంది. అందుకు ముందుగా మిమ్మల్ని కాస్త దూరం తీసుకువెళ్ళాలి.

ఐర్లండు మనలాగే ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో నలిగిన దేశం. మనకన్నా ఎన్నో వందల ఏళ్ళు ఎక్కువే నలిగింది. 1845 తరువాత వచ్చిన బంగాళాదుంపల కరువులో లక్షలమంది చచ్చిపోయారు, లక్షలమంది ఓడలెక్కి అమెరికా వెళ్ళిపోయారు. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. జనం పోతే వాళ్ళ భాష, పాట, ఆట మిగులుతాయా? హర్లింగ్ అనే పాత ఆట ఒకటి వుండేది వాళ్ళకు. చివర వెడల్పుగా వుండే కర్రతో తోలు కుట్టిన చిన్న బంతిని గాలిలో కొట్టే ఆట. మన బిళ్ళంగోడు ఆడేవాడికి ఆ దెబ్బ చూస్తే చెయ్యి దురద పెడుతుంది, అంత చురుకు. ఆ ఆట కరువు తరువాత చాలా చోట్ల మూలపడింది. ఆ స్థానంలోకి ఇంగ్లీషువారి క్రికెట్టు వచ్చింది. ఇవాళ హర్లింగ్ అంటే చాలు కిల్కెనీ జిల్లా పేరు చెబుతారు, దేశ ఛాంపియన్ షిప్పు అందరికంటె ఎక్కువ సార్లు గెలిచింది వాళ్ళే. కాని పందొమ్మిదో శతాబ్దంలో ఆ కిల్కెనీలోనే పల్లెపల్లెనా క్రికెట్టు జట్లుండేవంటే నమ్మబుద్ధి కాదు.

1884 నవంబరు 1న టిప్పరరీ జిల్లాలోని థర్లెస్ అనే ఊళ్ళో, ఒక హోటలు గదిలో, వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమంది కూర్చున్నారు. వాళ్ళను పిలిచినాయన మైకేల్ క్యూసాక్ అనే బడిపంతులు. విచిత్రమేమిటంటే, ఆయన బతుకుతెరువు కుర్రవాళ్ళను ఇంగ్లీషు ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు తయారుచేయడం. పగలు ఆ చదువు చెబుతూనే, "మన ఆట మనకు పోతే ఇక మిగిలేదేమిటి" అని రాత్రిళ్ళు మథనపడ్డాడన్నమాట. ఆ గదిలో పుట్టిందే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్. హర్లింగ్ కు, గేలిక్ ఫుట్ బాలుకు నియమాలు రాసి, జిల్లా జిల్లాకు, పేట పేటకు జట్లు కట్టించారు. గేలిక్ ఫుట్ బాలంటే మనం చూసే ఫుట్ బాలు కాదు, బంతిని చేత్తో పట్టుకోవచ్చు కూడా. రెండు ఆటలకూ జట్టుకు 15 మంది. హర్లింగ్ లో స్తంభాల నడుమ అడ్డకర్ర పైనుంచి బంతి పంపితే ఒక పాయింటు, కింద నుంచి వలలోకి కొడితే గోలు. గోలుకు మూడు పాయింట్ల విలువ.

వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు ఒకటి నాకు చాలా నచ్చింది. ఎవరు ఎక్కడ పుట్టి పెరిగారో ఆ చర్చి పేట తరఫునే ఆడాలి. పెద్ద జట్టువాడు వచ్చి డబ్బు పోసి ఎత్తుకుపోవడమనేది లేదు. అసలు డబ్బే లేదు. ఈనాటికీ జిల్లా జట్లకు ఆడేవాళ్ళు జీతం పుచ్చుకోరు. సోమవారం నుంచి శుక్రవారం దాకా బడిలో పాఠం చెప్పే మేష్టారు, బ్యాంకు గుమాస్తా, పాడి రైతు, వీళ్ళే ఆదివారం నాడు వేలమంది మధ్య కర్ర పట్టుకుని దిగుతారు.

ఇంకొక కట్టుబాటు మాత్రం నాకు మింగుడుపడదు. ఇంగ్లీషు ఆటలు ఆడినవాణ్ణి, చివరకు చూడటానికి వెళ్ళినవాణ్ణి కూడా సంఘం నుంచి వెలివేశారు. 1938లో సాక్షాత్తు ఐర్లండు అధ్యక్షుడు డగ్లస్ హైడ్ ఒక ఫుట్ బాలు పోటీ చూసినందుకు ఆయన్ను సంఘ పోషకుల జాబితాలోంచి తీసేశారు. చనిపోతున్న ఐరిష్ భాషకు ప్రాణం పోయడానికి జీవితమంతా ధారపోసిన పెద్దమనిషి ఆయన! ప్రేమ మరీ ముదిరితే మన ఇళ్ళల్లో కొందరు అత్తగార్ల మడిలాగ తయారవుతుంది కాబోలు. 1971లో గాని ఆ నిషేధం ఎత్తెయ్యలేదు.

అయితే ఆ కోపానికి కారణం లేకపోలేదు. 1920 నవంబరు 21, ఆదివారం. డబ్లిన్ నగరంలో క్రోక్ పార్కు మైదానంలో డబ్లిన్ జట్టుకు, టిప్పరరీ జట్టుకు గేలిక్ ఫుట్ బాలు పోటీ. ఆ ఉదయమే ఐరిష్ విప్లవకారులు నగరంలో బ్రిటిషు గూఢచారులను కాల్చి చంపారు. మధ్యాహ్నం పోలీసు దళాలు మైదానంలోకి చొరబడి, ఆట చూస్తున్న జనం మీద కాల్పులు జరిపాయి. 14 మంది పోయారు. వాళ్ళలో పదేళ్ళవాడు ఒకడు, పదకొండేళ్ళవాడు ఒకడు, పద్నాలుగేళ్ళవాడు ఒకడు. టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్ ఆ గడ్డి మీదనే ప్రాణం విడిచాడు. జేన్ బాయిల్ అనే 26 ఏళ్ళ అమ్మాయి తాను పెళ్ళాడబోయే అబ్బాయితో కలిసి ఆట చూడ్డానికి వచ్చింది. పెళ్ళి ఇంకా నాలుగైదు రోజులు. పెళ్ళికని కుట్టించుకున్న బట్టలతోనే ఆమెను సమాధి చేశారు. జలియన్ వాలా బాగ్ జరిగి అప్పటికి ఏడాదిన్నర అయింది. ఇవాళ ఆ మైదానంలో ఒక వైపు గ్యాలరీకి హోగన్ పేరు పెట్టుకున్నారు.

ఇక మన సంగతికి వద్దాం.

తెల్లదొరల కాలంలో మన విశాఖపట్నం, విజయనగరం ప్రాంతాల్లో ఆట అంటే గొప్పవాళ్ళకు క్రికెట్టు, టెన్నిసు. మిషను బళ్ళల్లో, హైస్కూళ్ళలో డ్రిల్లు, ఫుట్ బాలు. చెడుగుడును పిల్లకాయల అల్లరిగా చూశారే తప్ప ఆటగా గుర్తించినవాడు లేడు. బలం మీద గౌరవం లేక కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తినాయుడు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా మొదలుపెట్టి, సర్కసు కట్టి, గుండెల మీద ఏనుగును ఎక్కించుకుని, గొలుసులు తెంచి, లండను దాకా వెళ్ళి పేరు తెచ్చుకున్నాడు. తెలుగువాడి కండబలాన్ని చూసి దేశం గర్వపడింది. కాని ఆయన చూపించింది ఒక మనిషి బలం. పేటంతా కలిసి ఆడే ఆటకు సంఘం కట్టి, నియమం రాసి, నిలబెట్టిన క్యూసాక్ వంటి పంతులు మన వైపున రాలేదు. ఆ పని మహారాష్ట్రలోను, బరోడాలోను జరిగింది. 1918లో సతారాలో, 1923లో బరోడాలో నియమాలు ఒక దారికి తెచ్చి పోటీలు నడిపారు.

1936 వేసవి సంగతి చెబుతాను, ఎంత తమాషాగా వుంటుందో చూడండి. ఆ వేసవిలో మన విజయనగరం రాజకుమారుడు, లోకమంతా "విజ్జీ" అని పిలిచే ఆయన, భారత క్రికెట్టు జట్టుకు నాయకుడై ఇంగ్లండులో వున్నారు. మూడు టెస్టులు ఆడితే రెండు ఓడిపోయాం, ఒకటి డ్రా. నాయకుడు గారు మూడింటిలోను కలిపి చేసినవి 33 పరుగులు. జట్టులో కెల్లా బాగా ఆడుతున్న లాలా అమర్ నాథ్ ను క్రమశిక్షణ పేరుతో మధ్యలోనే ఓడెక్కించి ఇంటికి పంపేశారు. విజ్జీ గారికి మాత్రం అదే పర్యటనలో సర్ బిరుదు వచ్చింది! సరిగ్గా ఆ వేసవిలోనే, ఆగస్టులో, బెర్లిన్ ఒలింపిక్స్ సమయాన, అమరావతి నుంచి వెళ్ళిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి కుర్రాళ్ళు కబడ్డీ ఆడి చూపించారు. అమరావతంటే మన కృష్ణ ఒడ్డు అమరావతి కాదు, విదర్భలోది. వాళ్ళ గురించి మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఎన్ని వాక్యాలున్నాయో వెతికి చూడండి.

తరువాత సంగతులు గబగబా చెప్పేస్తాను. 1938లో కలకత్తాలో జరిగిన జాతీయ క్రీడల్లో కబడ్డీని చేర్చారు. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడింది. 1952లో మద్రాసులో మగవాళ్ళ జాతీయ పోటీలు, 1955లో ఆడవాళ్ళ జాతీయ పోటీలు మొదలయ్యాయి. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ప్రదర్శనగా ఆడారు, 1990లో బీజింగులో పతకాల ఆట అయింది.

నియమాలు రాసేటప్పుడు మూడు పద్ధతులు పెద్దల ముందుకు వచ్చాయి. అమర్ పద్ధతిలో ఎవరూ బయటికి పోరు, పాయింట్లు మాత్రం లెక్కపెడతారు. గామినిలో తాకిడి తగిలినవాడు తనవాళ్ళందరూ అయిపోయేదాకా బయటనే. సంజీవనిలో, అవతల ఒకడు చస్తే ఇవతల చచ్చినవాడు ఒకడు లేచి వస్తాడు. ఈ సంజీవనినే పట్టుకుని ఈనాటి ఆటను కట్టారు. మంచి పనే చేశారు. ఓడిపోయినవాడు మళ్ళీ లేచి వచ్చే ఆటకు వుండే రుచే వేరు.

కాని ఒక్కటి పోయింది. నియమాల పుస్తకం ప్రకారం కూతకు వెళ్ళినవాడు "కబడ్డీ" అనే మాటే పలకాలి. వేరే మాట పలికితే అంపైరు వెనక్కి పంపేస్తాడు, అవతలి జట్టుకు పాయింటు ఇస్తాడు. అంటే మన హార్బరు కుర్రవాడు తాతల నాటి నుంచి వస్తున్న "చెడుగుడు" అని కూత పెడితే అది తప్పు! హుతుతు అన్నా తప్పే, హాడుడు అన్నా తప్పే. దేశమంతటికీ ఒక ఆట కావాలంటే ఒక మాట కావాలి, ఆ సంగతి నాకూ అర్థమవుతుంది. ఐర్లండువారు మాత్రం కర్రను ఈనాటికీ తమ భాషలో కమాన్ అనే అంటారు, బంతిని ష్లిటర్ అనే అంటారు. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడుకునేవాళ్ళు కూడా మైదానంలో ఆ రెండు మాటలనూ వదలరు.

ఆడపిల్లల సంగతి నేను కావాలనే చివరికి అట్టేపెట్టాను.

మన చిన్నప్పుడు ఆటలకు తక్కువేముంది? తొక్కుడుబిళ్ళ, ఒప్పులకుప్ప, చెమ్మచెక్క, అచ్చనగాయలు, వామనగుంటలు. పరికిణీ కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని మగపిల్లలతో సమానంగా చెడుగుడు కూడా ఆడిన ఘనురాళ్ళు వింటున్నవారిలో తప్పకుండా వుంటారు. ఎప్పుడు ఆపేశాం? ఎవరూ ఫలానా తేదీ అని చెప్పలేరు గాని, అందరికీ తెలుసు. ఓణీ వేసిన రోజు. ఆ రోజు నుంచి వామనగుంటలు ఆడుకోవచ్చు, చెడుగుడు కూడదు. కూర్చుని ఆడే ఆట మనకు, పరుగెత్తి ఆడేది వాళ్ళకు. గొంతెత్తి కూత పెట్టడమా, ఇంకేమన్నా వుందా! చిత్రమేమిటంటే, వేలంపాటలో గొంతెత్తి, తలమీద బరువుతో పరుగులాంటి నడక నడిచే హార్బరు ఆడవాళ్ళ దమ్మును ఎవరూ ఆక్షేపించరు. పని కోసం అరిస్తే తప్పు లేదు, ఆట కోసం అరిస్తేనే తప్పు.

ఐర్లండులోనూ అంతే. హర్లింగ్ మగవాళ్ళ సొత్తు అన్నారు. 1904లో ఆడవాళ్ళు తమ సంఘం తాము కట్టుకున్నారు. కర్ర కొంచెం చిన్నది చేసుకుని, ఆటకు కామోగీ అని పేరు పెట్టుకున్నారు. మడమల దాకా జీరాడే గౌన్లతోనే పరుగెత్తారు పాపం. ఆడవాళ్ళ గేలిక్ ఫుట్ బాలుకు సంఘం 1974లో గాని రాలేదు. అదీ ఆ థర్లెస్ లో, ఆ హోటలులోనే పుట్టింది. 2019లో వాళ్ళ ఫైనలు చూడటానికి క్రోక్ పార్కుకు 56 వేల పైచిలుకు జనం వచ్చారు. 2018లో యునెస్కో వారు హర్లింగ్ ను, కామోగీని కలిపి ఒకే జాబితాలో మానవజాతి వారసత్వంగా చేర్చారు.

అంతా బాగానే వుందనుకోకండి. కామోగీ ఆడే అమ్మాయిలు నిక్కరు వేసుకోకూడదు, నిక్కరు మీద పావడాలాంటి ముక్క కుట్టిన దాన్నే తొడగాలని నియమం వుండేది. ఆడేటప్పుడు అది ఇబ్బందిగా వుందని వాళ్ళు ఎన్నాళ్ళ నుంచో మొత్తుకున్నారు. 2025 మే నెలలో కిల్కెనీ, డబ్లిన్ జట్ల అమ్మాయిలు ఒక సెమీ ఫైనలుకు మామూలు నిక్కర్లతో మైదానంలోకి వచ్చారు. బట్టలు మార్చుకుంటేనే ఆట అన్నారు. అప్పటికి మార్చుకుని ఆడారు గాని గొడవ దేశమంతా పాకింది. ఆ నెలలోనే ప్రత్యేక సమావేశం పెట్టి, ఎవరికి ఏది సౌకర్యమో అది వేసుకోవచ్చని దాదాపు ముక్తకంఠంతో తీర్మానించారు. 121 ఏళ్ళు పట్టింది, చూశారా, ఒక గుడ్డముక్కకు.

మన ఆడపిల్లల లెక్క కూడా చెప్పుకుందాం. ఆసియా క్రీడల్లో కబడ్డీ 1990లో వచ్చినా ఆడవాళ్ళ కబడ్డీ వచ్చింది 2010లో. అంటే ఇరవై ఏళ్ళ ఆలస్యం. వచ్చిన మొదటిసారే, గ్వాంగ్జౌలో, మన అమ్మాయిలు బంగారు పతకం తెచ్చారు. 2012లో పాట్నాలో జరిగిన మొదటి మహిళా ప్రపంచ కప్పు కూడా మనదే. ఆ జట్టు నాయకురాలు మమతా పూజారి కన్నడ దేశపు పిల్ల, మన సికిందరాబాదులో రైల్వే ఉద్యోగం చేస్తూ ఆడింది. 2014లో మళ్ళీ బంగారం. 2018లో జకార్తాలో ఇరాన్ అమ్మాయిలు మనల్ని ఓడించారు. వాళ్ళకు ఆట నేర్పింది ఎవరనుకున్నారు? నాసిక్ నుంచి వెళ్ళిన శైలజా జైన్ గారు. ఓడినందుకు బాధపడాలో, మనావిడే గెలిపించిందని సంతోషించాలో తెలియని పరిస్థితి. తల కప్పుకుని ఆడిన ఆ ఇరాన్ పిల్లలు కూత ఆపలేదు, అది మాత్రం గుర్తుపెట్టుకోదగ్గది. 2023లో హాంగ్జౌలో మనవాళ్ళు తిరిగి బంగారం గెలిచారు. ఫైనలులో 26కు 25, ఒక్క పాయింటు తేడా. ఆ క్రీడల్లో భారతదేశానికి వచ్చిన నూరో పతకం అది.

ఇక డబ్బు. 2014లో ప్రో కబడ్డీ మొదలైంది. తెలుగు టైటన్స్ జట్టు మొదటి ఏడాది సొంతగడ్డగా ఎంచుకున్నది విశాఖపట్నాన్నే. పోర్టు స్టేడియం ఆవరణలోని ఇండోరు హాలులో, రంగురంగుల దీపాల కింద, మెత్తటి పరుపు లాంటి మ్యాట్ మీద ఆడారు. 2025 ఆగస్టు 29న పన్నెండో సీజను కూడా మన ఊళ్ళోనే ప్రారంభించారు. ఫిషింగ్ హార్బరు ఇసుకలో దమ్ము పట్టి ఆడే ఆట అదే ఊళ్ళో టిక్కెట్టు కొని చూసే ఆట అయింది. 2023 వేలంలో పవన్ సెహ్రావత్ అనే ఢిల్లీ కుర్రవాణ్ణి టైటన్స్ వారు 2 కోట్ల 60 లక్షల 50 వేలకు తీసుకున్నారు. ఐర్లండువారు వింటే ముక్కున వేలేసుకుంటారు. నేను మాత్రం తప్పుపట్టను. బీదవాళ్ళ ఇళ్ళల్లోంచి వచ్చి, మోకాళ్ళు విరగ్గొట్టుకుని ఆడే పిల్లలకు నాలుగు రాళ్ళు రావడం కంటె కావలసిందేముంది? ఊరికే ఆడి పేరు తెచ్చుకోవడానికి ఐర్లండులో బడిపంతులుకు నెలజీతం వుంది. మన జాలరి కుర్రాడికి వేట లేని రెండు నెలలు ఎలా గడవాలన్నదే ప్రశ్న.

నాకు కష్టం తోచేది మరొకచోట. 2016లో ప్రో కబడ్డీ వారే ఆడవాళ్ళకు కూడా ఒక పోటీ పెట్టారు. మూడే జట్లు. ఫైర్ బర్డ్స్, ఐస్ దివాస్, స్టార్మ్ క్వీన్స్. ఏ ఊరి పేరూ లేదు వాటికి, గమనించారా? మగవాళ్ళ జట్లకు పాట్నా అని, జైపూర్ అని, తెలుగు అని పేర్లు పెట్టారు. ఆడపిల్లలకు నిప్పు, మంచు, తుఫాను. మా ఊరి పిల్ల అని వెళ్ళి చప్పట్లు కొట్టడానికి ఊరే లేదు. స్టార్మ్ క్వీన్స్ గెలిచారు. ఆ పోటీ ఆ ఒక్క ఏడాదితో సరి. అప్పటికే రెండు ఆసియా బంగారు పతకాలు, ఒక ప్రపంచ కప్పు తెచ్చిన ఆడవాళ్ళ మాట ఇది.

ఆడవాళ్ళ కబడ్డీ బరి 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. అంటే ఇంచుమించు 39 అడుగులు, 26 అడుగులు. మగవాళ్ళది ఒక మీటరు పొడవు, రెండు మీటర్లు వెడల్పు ఎక్కువ. జట్టుకు ఏడుగురు, కూతకు 30 సెకన్లు. గీతలు సున్నంతో వేస్తారు, ముగ్గుతో వేసినా పనికివస్తాయి. మేడమీద వీలుకాదు, పడితే కాళ్ళు విరుగుతాయి. ఇసుకగాని, మెత్తటి మట్టిగాని వుండాలి. సెలవుల్లో మీ అపార్టుమెంటు పక్క ఖాళీ స్థలంలో అలాంటి గీతలు కనబడితే, అక్కడ ఆడేవాళ్ళలో అమ్మాయిలు ఎందరున్నారో ఒకసారి లెక్కపెట్టండి. మీ అమ్మాయి వుందేమో కూడా చూడండి.